మట్టిలో పెరిగే ఆర్కిడ్: ఎప్పుడు నీళ్లు పోయాలి, ఎప్పుడు మానేయాలి

ఆర్కిడ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఫలెనాప్సిస్. గృహప్రవేశానికో పెళ్లిరోజుకో ఎవరో ఒకరు తెచ్చిచ్చే మొక్క అది. పొడవాటి కాడకి తెల్లగానో ఊదాగానో వరసగా పూలుంటాయి. దాని పెంపకం గురించి అందరూ చెప్పే మాటలు కూడా ఒకటే: మట్టి వద్దు, బెరడు ముక్కలూ బొగ్గూ చాలు, కుండీకి చిల్లులు ఎక్కువుండాలి, వేళ్లకి గాలి తగలాలి. ఆ మొక్క అడవిలో చెట్టు కొమ్మని పట్టుకుని బతుకుతుంది కాబట్టి ఆ సలహా దానికి సరిగ్గా సరిపోతుంది. కానీ నెక్లెస్ రోడ్డు నర్సరీ మేళాలో 'గ్రౌండ్ ఆర్కిడ్' పేరుతో అమ్మే మొక్కని ఇంటికి తెచ్చి ఉత్త బొగ్గులో కూర్చోబెడితే ఏప్రిల్ ఎండలకి ఆకులు వేలాడేస్తుంది. కొందరు దీనికి ఉల్టా చేస్తారు. గ్రౌండ్ అన్నారు కదా అని గులాబీ పక్కనే ఎర్రమట్టిలో నాటేస్తారు. అది మొదటి ముసురుకే కుళ్లిపోతుంది. రెండు ఇళ్లలోనూ చివరికి వినిపించే మాట ఒకటే: "హైదరాబాద్‌లో ఆర్కిడ్లు బతకవండీ."

బతుకుతాయి. నిజానికి మన ఊరి వాతావరణానికి చెట్టు మీది ఆర్కిడ్ల కన్నా మట్టిలో పెరిగే వాటిలో కొన్ని బాగా సరిపోతాయి. బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా 2019లో విడుదల చేసిన లెక్క ప్రకారం దేశంలో 1,256 ఆర్కిడ్ జాతులున్నాయి. వాటిలో 757 చెట్ల మీద పెరిగేవైతే 447 నేలలో పెరిగేవి. అంటే మూడో వంతుకి పైగా మట్టివే. వీటిలో చాలా జాతులు నాలుగు నెలలు వాన, మిగతా కాలమంతా ఎండ ఉండే నేలల్లో పుట్టి పెరిగినవి. మనకున్నదీ అదే కదా.

చిక్కంతా 'నేల ఆర్కిడ్' అని అన్నిటినీ ఒకే గాటన కట్టేయడంలో ఉంది. నన్నడిగితే ఈ మొక్కల విషయంలో ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఇది ఏడాదిలో కొంతకాలం నిద్రపోయేదా, పోనిదా? కుండీ, మట్టి, ఎరువు, నీళ్లు అన్నీ ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటాయి.

మట్టి కింద ఏముంది?

జవాబు ఆకుల్లో దొరకదు, మట్టి కింద వెతకాలి. మన నర్సరీల్లో ఎక్కువగా దొరికే ఊదారంగు గ్రౌండ్ ఆర్కిడ్ అసలు పేరు స్పాథోగ్లాటిస్ ప్లికేటా. దాని మొదట్లో మట్టిని కాస్త తప్పిస్తే గుండ్రటి గడ్డలు కనిపిస్తాయి. ఏటా పాత గడ్డ పక్కన కొత్త గడ్డ పుడుతూ గొలుసుగా సాగుతాయి. పాతవి ఆకులు రాల్చేసినా చచ్చిపోవు, వెనకాల నిల్వగా ఉంటాయి. నీళ్లు అందుతూ ఉంటే ఈ మొక్క ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది. ఒక వారం మీరు ఊరెళ్లి నీళ్లు పోయకపోయినా తట్టుకుంటుంది.

హబెనేరియా, పెక్టైలిస్ అనే రకాలు వేరు. వాటి కింద ఉండేది మెత్తటి, నీరు నిండిన చిన్న దుంప. దాని ఆయుష్షు ఏడాదే. వానాకాలంలో మొక్క ఎదుగుతూనే పక్కన ఇంకో దుంపని తయారుచేసుకుంటుంది. పూలు అయిపోయాక ఆకులు పసుపుబారి పైభాగమంతా ఎండిపోతుంది, పాత దుంప ముడుచుకుపోతుంది, కొత్తది మట్టిలో ఒంటరిగా మిగులుతుంది. నిజామాబాద్ వైపు పసుపు చేను చూసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. పైన ఆకు ఎండిందంటే పంట చచ్చిందని ఏ రైతూ అనుకోడు.

మూడో రకం లుడీసియా. దీన్ని జ్యూయెల్ ఆర్కిడ్ అంటారు. ముదురు మెరూన్ ఆకుల మీద ఎర్రటి సన్న గీతలుంటాయి, జనం పెంచేదే ఆ ఆకుల కోసం. దీనికి దుంపా లేదు, గడ్డా లేదు. కండగా ఉండే కాండం నేల మీద పాకుతూ కణుపు కణుపుకీ వేరు వేస్తుంది. నిల్వ లేదు కాబట్టి పూర్తిగా ఎండనివ్వకూడదు. పువ్వు కింది రేకు చెప్పు ముందుభాగంలా ఉండే స్లిప్పర్ ఆర్కిడ్లదీ ఇదే కథ. కాకపోతే వాటిలో చాలావాటికి చల్లదనం కూడా కావాలి, అందుకే మొదటిసారి పెంచేవాళ్లకి అవి వద్దంటాను.

ఇంకో సంగతి. నేలలో పెరుగుతాయంటే పొలం మట్టిలో లోతుగా వేళ్లు దింపుతాయని కాదు. చాలా జాతులు అడవిలో ఆకులు రాలి కుళ్లిన పై పొరలోనే ఉంటాయి. వేళ్లు లావుగా, కొద్దిగా ఉంటాయి, పెద్దగా కొమ్మలేయవు. వాటికి తడీ కావాలి, గాలీ కావాలి. గులాబీ కుండీలోని బంకమట్టిలో తడి ఉంటుంది, గాలి ఉండదు.

నిద్రపోయేవాటికి కార్తెల లెక్క

హైదరాబాద్‌లో ఏడాది వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడిపోతుంది. హబెనేరియా, పెక్టైలిస్ లాంటివి అడవిలో బతికేది ఇదే తాళంలో. పశ్చిమ కనుమల్లో వానాకాలం మధ్యలో తెల్లటి పెద్ద పూలు పూసే పెక్టైలిస్ జైగాంటియా దీనికి మంచి ఉదాహరణ. కుచ్చుల అంచులున్న ఆ పూలు చీకటి పడ్డాక వాసన వెదజల్లుతాయి, చిమ్మటల్ని పిలుచుకోవడానికి. మన తూర్పు కనుమల్లో దొరికే నెర్విలియా అయితే ఇంకా విచిత్రం. తొలకరికి ముందు పువ్వు వస్తుంది, అది వాడాకే ఆకు, అదీ ఒక్కటే.

ఇంట్లో పెంచేటప్పుడు నేను పాటించేది కార్తెల లెక్క. ఇంగ్లీషు క్యాలెండర్ కన్నా ఈ మొక్కలకి అదే బాగా కుదురుతుంది. మృగశిర కార్తె వచ్చేసరికి, అంటే జూన్ రెండో వారానికి, మొలక కనిపించిన కుండీలకి నీళ్లు మొదలవ్వాలి. ఆరుద్ర, పునర్వసు, పుష్యమి దాకా మట్టి ఎప్పుడూ చెమ్మగా ఉండాలి, కానీ కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలవకూడదు. ఎర్ర, నారింజ రంగుల్లో పూసే హబెనేరియా రోడోకైలా ఇళ్లలో ఎక్కువమంది పెంచే రకం. అది ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య పూస్తుంది. పూలు రాలిపోయాక వెంటనే నీళ్లు ఆపేయకూడదు. కొత్త దుంప నిండేది అప్పుడే. ఆకుల కొసలు పసుపు తిరగడం మొదలయ్యాక ఒక్కో తడికీ మధ్య దూరం పెంచుతూ పోవాలి. కార్తీకమాసం ముగిసేసరికి ఆకులు పూర్తిగా ఎండిపోతాయి, మీ పనీ అయిపోతుంది.

ఇక్కడే చాలామంది మొక్కని పోగొట్టుకుంటారు. ఎండిన కుండీని చూస్తే మనసు ఊరుకోదు. పక్కనున్న తులసికీ మందారానికీ పోస్తూ పోస్తూ దీనికీ ఒక చెంబుడు పోసేస్తారు. ఆకు లేని దుంప నీళ్లు తాగలేదు. ఆ తడి దుంప చుట్టూ నిలిచి కుళ్లబెడుతుంది. పనిమనిషికో ఇంట్లో పెద్దవాళ్లకో మొక్కలకి నీళ్లు పోసే బాధ్యత ఉంటే, నిద్రపోయే కుండీలని వాళ్ల దారిలోంచి తీసి వేరే చోట పెట్టడమే మేలు. చెబితే గుర్తుంటుందిలే అనుకోవద్దు.

అలాగని రాయిలా ఎండబెట్టడమూ ప్రమాదమే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. మే నెలలో మిద్దె మీద నల్ల ప్లాస్టిక్ కుండీలోని మట్టి కాలిపోతుంది. గోలీ అంత దుంప అందులో రెండు వారాల్లో ఒట్టి తొక్కగా మిగులుతుంది. ఉగాది దాటగానే ఆ కుండీలని ఇంట్లోకి తెచ్చి, మంచం కిందో మెట్ల కిందో, చీకటిగా చల్లగా ఉండే చోట పెట్టండి. నెలకోసారి కుండీ అంచు వెంబడి రెండు మూడు చెంచాల నీళ్లు చాలు.

ఫిబ్రవరిలో మట్టి మార్చాలనుకుంటే కుండీని కాగితం మీద బోర్లించండి. పాత దుంప గోధుమరంగులో, వేళ్లతో నొక్కితే గాలి తీసిన బుడగలా ఉంటుంది. దాన్ని పారేయండి. కొత్తది గట్టిగా, లేత పసుపుగా, పైన సన్నటి నూగుతో ఉంటుంది. దాని ఒక కొసన చిన్న మొన కనిపిస్తుంది, అదే రేపటి మొలక. దాన్ని పైకి పెట్టి ఒక అంగుళం లోతులో పాతాలి. ఆ మొన విరిగితే ఆ ఏడాదికి అంతే సంగతులు, అందుకే ఈ పని టీవీ చూస్తూ చేయకూడదు. ఒక దుంప బదులు రెండు దొరికాయంటే ఆ ఏడాది మీ పెంపకం బాగా సాగినట్టే.

మొలక రాకముందు తొందరపడి తడపడం ఇంకో పెద్ద పొరపాటు. మే మధ్యలో ఒకట్రెండు గాలివానలు పడగానే మనకి ఆత్రం మొదలవుతుంది. మొలక మట్టిని చీల్చుకుని పైకి వచ్చేదాకా నీళ్ల జోలికి పోవద్దు. వచ్చాక కూడా మొదటి పదిరోజులు కొద్దిపాటి తడి చాలు. వేళ్లు సాగాకే నిండుగా పోయాలి.

నిద్రపోనివి

స్పాథోగ్లాటిస్‌తో మొదలుపెట్టమని ఎవరడిగినా చెబుతాను. ఆకులు మడతలు మడతలుగా, అప్పుడే మొలిచిన కొబ్బరి మొక్క ఆకుల్లా కనిపిస్తాయి. పూలు కాడ చివర ఒకదాని తర్వాత ఒకటి విచ్చుకుంటూ వారాల తరబడి నడుస్తాయి. ఎండకి బెదరదు. పొద్దుటి ఎండ నాలుగైదు గంటలు తగిలితేనే బాగా పూస్తుంది, నీడలో పెడితే ఆకులు పొడుగ్గా సాగి పూలు తగ్గిపోతాయి. ప్లికేటా జాతిలో చాలా మొక్కలు తమ పూలని తామే పరాగసంపర్కం చేసుకుని వరసగా కాయలు పట్టేస్తాయి. విత్తనాలతో మీకు పనేమీ లేదు కాబట్టి ఆ కాయలు తుంచేస్తే మొక్క తన బలాన్ని కొత్త పిలకల మీద పెడుతుంది. ఇప్పుడు పసుపు, తెలుపు, గులాబీ రంగుల్లో హైబ్రిడ్లు కూడా దొరుకుతున్నాయి. వాటిలో కొన్ని చలికాలంలో కాస్త మందగిస్తాయి, అప్పుడు నీళ్లు తగ్గించాలి.

వెదురు ఆర్కిడ్, అంటే అరుండినా గ్రామినిఫోలియా, స్థలమున్నవాళ్ల మొక్క. మనిషి ఎత్తు కాడలు వేస్తుంది. పూలు కొస మీద ఒక్కొక్కటిగా వస్తాయి, ఒక్కో పువ్వు నిలిచేది కొద్దిరోజులే. మిద్దెతోటలో పెద్ద గ్రో బ్యాగులో, ఎండ బాగా తగిలే మూల పెట్టుకోవచ్చు. ముదిరిన కాడల కణుపుల దగ్గర పిల్ల మొక్కలు వేళ్లతో సహా పుడతాయి, తెంపి నాటుకోవడమే.

ఫాయస్ టాంకర్విలియే నాకు అన్నిటికన్నా ఇష్టమైంది. బారెడు ఆకులు, మూడు నాలుగు అడుగుల కాడ, లోపల గోధుమ ఎరుపు, వెనక తెలుపు ఉన్న పూలు. ఇంగ్లండ్‌కి 1778లోనే చేరిన మొక్క ఇది, అక్కడి అద్దాల ఇళ్లలో పూసిన మొదటి ఉష్ణమండల ఆర్కిడ్లలో ఒకటి. మన దగ్గర తూర్పు బాల్కనీ నీడలో బాగుంటుంది. డిసెంబరు, జనవరి రాత్రుల చలి తగిలితే చలికాలం చివర కాడ వేస్తుంది. అందుకే ఆ నెలల్లో దాన్ని చలిగా ఉందని ఇంట్లోకి తేకండి, బయటే వదిలేయండి. ఆకు గానీ పువ్వు గానీ నలిగిన చోట నల్లగా, నీలంగా మచ్చ పడితే రోగమనుకుని టెన్షన్ పడొద్దు. ఈ మొక్క రసంలో నీలిమందు తయారయ్యే పదార్థమే ఉంది, గాయమైతే గాలి తగిలి నీలమవుతుంది. పూలు రాలిపోయిన కాడని కూడా పారేయకండి. ఆకుపచ్చగా ఉన్నప్పుడే కణుపులున్న ముక్కలుగా కోసి, తడి కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) మీద అడ్డంగా పడుకోబెట్టి, పైన పాలిథీన్ కవరు కప్పి నీడలో ఉంచితే కొన్ని వారాలకి కణుపుల దగ్గర చిన్న మొక్కలు లేస్తాయి. ఇంటిల్లిపాదీ రోజూ కవరు ఎత్తి చూసేంత ముచ్చటగా ఉంటుంది ఆ పని.

లుడీసియా ఫ్లాట్లలో ఉండేవాళ్లది. నేరుగా ఎండ అక్కర్లేదు, కిటికీ వెలుతురు చాలు. కణుపు దగ్గర కోసి నాటితే బతుకుతుంది. ఏసీ గాలి సూటిగా తగిలే చోట మాత్రం పెట్టొద్దు.

మన మట్టి, మన నీళ్లు

పుస్తకాల్లో కనిపించే పాటింగ్ మిక్స్ లెక్కలు ఎక్కువగా చల్లటి దేశాలవి. అక్కడ పీట్, పైన్ బెరడు సులువుగా దొరుకుతాయి. మన దగ్గర దొరికేవి ఎర్రమట్టి, నది ఇసుక, కోకోపీట్, కొబ్బరి పీచు ముక్కలు, ఇటుక ముక్కలు, బొగ్గు, ఆకు ఎరువు. వీటితోనే పని జరుగుతుంది.

స్పాథోగ్లాటిస్, ఫాయస్‌లకి నేను కలిపేది రెండు పాళ్లు కొబ్బరి పీచు ముక్కలు, రెండు పాళ్లు బాగా కుళ్లిన ఆకు ఎరువు, ఒక పాలు గరుకు ఇసుక, ఒక పాలు ఎర్రమట్టి, గుప్పెడు బొగ్గు. ఎర్రమట్టి అంతకన్నా ఎక్కువైతే ఎండాకాలంలో గట్టిపడి ఇటుకైపోతుంది. నల్లరేగడి అసలే వద్దు. దుంప రకాలకి లెక్క తిరగబడుతుంది. సగానికి పైగా గరుకు ఇసుక, పెర్లైట్ (నర్సరీల్లో దొరికే తేలికైన తెల్ల గుళికలు), బఠానీ గింజంత ఇటుక ముక్కలు ఉండాలి. మిగతాది ఆకు ఎరువు, కొద్దిగా కోకోపీట్. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టకూడదు, వదలగానే విడిపోవాలి. వర్మీకంపోస్ట్ మంచిదే గానీ ఈ కుండీల్లో ఎక్కువ వేస్తే బురదలా తయారై గాలి ఆపేస్తుంది.

కోకోపీట్ గురించి ఒక జాగ్రత్త. చవక రకాల్లో ఉప్పు చాలా ఉంటుంది. ఒక రాత్రి నానబెట్టి, పిండి, మళ్లీ నీళ్లు మార్చాలి. దిగే నీటి రంగు బాగా పలచబడేదాకా ఇలా చేయాలి. చాలామంది కోకోపీట్ ఇటుకని బకెట్లో వేసి ఉబ్బగానే వాడేస్తారు, తర్వాత ఆకు కొసలు మాడాయని ఎరువుని తిడతారు.

అసలు ముద్దాయి చాలాసార్లు నీళ్లే. బోరు నీళ్లలో కరిగిన లవణాలు మన ఊళ్లో ఎంత ఎక్కువుంటాయో వంటింటి కొళాయి చుట్టూ పేరుకునే తెల్ల పొర చెబుతుంది. తాగే నీటికి భారతీయ ప్రమాణం లీటరుకి 500 మిల్లీగ్రాముల టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల లెక్క). ఆర్కిడ్లకి అందులో సగం కూడా లేకపోతేనే హాయి. ఒక చిన్న టీడీఎస్ మీటరు కొనుక్కుంటే గొడవే ఉండదు. నల్లా నీళ్లు, అంటే మంజీరా, కృష్ణా నీళ్లు వచ్చే ఇళ్లలో ఇబ్బంది తక్కువ, ఒక రాత్రి బకెట్లో ఉంచి పోస్తే చాలు. బోరే దిక్కైన అపార్టుమెంట్లలో వానాకాలంలో డ్రమ్ముకి పట్టిన నీళ్లు అమృతం. ఎండాకాలంలో ఏసీ పైపు నుంచి కారే నీళ్లలో లవణాలు ఉండవు, వాటిని బోరు నీళ్లలో సగం సగం కలిపి వాడుకోవచ్చు. ఆర్వో మెషీన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం పోయకండి. వృథా కాకూడదన్న ఆలోచన మంచిదే గానీ ఆ నీళ్లలోకి చేరేది మెషీన్ తీసేసిన ఉప్పంతా.

నిద్రలో లేని మొక్కలకి నెలకోసారి కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా మంచి నీళ్లు పోసి లవణాల్ని కడిగేయాలి. ఎరువు విషయంలో నా అభిప్రాయం సూటిగా: ఆకు పెరిగే కాలంలోనే, అదీ పలచగా. నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 పొడి లీటరు నీటికి అర గ్రాము, పది పదిహేను రోజులకోసారి. ఆకు పసుపు తిరగగానే ఆపేయాలి. జీవామృతం, పేడనీళ్లు వాడేవాళ్లు స్పాథోగ్లాటిస్‌కి బాగా పలచన చేసి పోసుకోవచ్చు, దుంప రకాలకి వద్దు.

ఎండ, గాలి, పురుగు

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం గాలిలో తేమ పడిపోతుంది, వేడి 40 డిగ్రీలు దాటుతుంది. ఆ రెండు నెలలు మిద్దె మీద యాభై శాతం షేడ్ నెట్ లేకుండా ఏ ఆర్కిడ్నీ ఉంచలేం. పడమటి బాల్కనీ అయితే నెట్ ఉన్నా గోడ నుంచి వచ్చే సెగకి ఆకులు కమిలిపోతాయి. కుండీలని గుంపుగా పెట్టి, కింద తడి ఇసుక పళ్లేలు పెడితే కొంత నయం. మధ్యాహ్నం ఆకుల మీద నీళ్లు చిమ్మడం కన్నా పొద్దున్నే నేల తడపడం మంచిది.

వానాకాలంలో అసలు శత్రువు నత్త. ఆకు తింటే పోనీ అనుకోవచ్చు, కానీ అది ఎన్నుకునేది లేత పూల కాడనే. రాత్రి టార్చి వేసుకుని ఏరడానికి మించిన మందు లేదు. పిండినల్లి కనిపిస్తే ముందు చీమల్ని చూడండి, దాన్ని మోసుకొచ్చి కాపలా కాసేది అవే. వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, రెండు చుక్కల సబ్బు కలిపి సాయంత్రం పూట చల్లండి. కొత్త పిలక మడతల్లో నీళ్లు నిలిచి కుళ్లు వాసన వస్తే బాక్టీరియా కుళ్లు. గట్టిగా ఉన్న భాగం దాకా కోసేయడం తప్ప దారి లేదు. కోసే కత్తిని ప్రతి మొక్కకీ మధ్య మంట మీద కాల్చాలి. ఆర్కిడ్లకి వచ్చే మొజాయిక్ వైరస్‌లు ఎక్కువగా ఒక మొక్క రసం ఇంకో మొక్కకి అంటడం వల్లే పాకుతాయి, వాటికి మందు లేదు.

కొనేముందు

ఆన్‌లైన్‌లో 'తెల్ల కొంగ ఆర్కిడ్', 'కోతి ముఖం ఆర్కిడ్' విత్తనాలంటూ వంద రూపాయలకి ప్యాకెట్లు అమ్ముతుంటారు. ఫోటో చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. వాటిని కొనొద్దు. ఆర్కిడ్ విత్తనం ధూళి అంత సన్నగా ఉంటుంది. ఒక్క కాయలో వేల నుంచి లక్షల దాకా ఉండొచ్చు. ధాన్యం గింజలో మొలకకి సరిపడా పిండి పదార్థం ఉంటుంది, ఆర్కిడ్ గింజలో ఏమీ ఉండదు. అడవిలో ఒక రకం శిలీంధ్రం దాని లోపలికి చొరబడి ఆహారం అందిస్తేనే మొలుస్తుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త నోయెల్ బెర్నార్ 1899లో ఈ గుట్టు కనిపెట్టాడు. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ శిలీంధ్రం లేకుండా చక్కెర కలిపిన అగార్ (సముద్రపు నాచుతో చేసే జెల్లీ) మీద వాటిని మొలిపించాడు. ఇప్పుడు మనం కొంటున్న హైబ్రిడ్లన్నీ అలాంటి ల్యాబ్ సీసాల్లో పుట్టినవే. కుండీలో చల్లి నీళ్లు పోస్తే మొలిచే ఆర్కిడ్ విత్తనమంటూ దాదాపు లేదు. ఆ ప్యాకెట్లో కంటికి స్పష్టంగా కనిపించే గింజ ఏది ఉన్నా అది ఇంకేదో మొక్కది.

సిక్కిం, డార్జిలింగ్ టూర్ వెళ్లినవాళ్లు తెచ్చే సింబీడియంలు ఇంకో రకం నిరాశ. పెద్ద పూల హైబ్రిడ్లకి పూమొగ్గ పట్టాలంటే వేసవి చివర నుంచే రాత్రుళ్లు బాగా చల్లబడాలి. హైదరాబాద్‌లో అవి ఆకులు వేస్తాయి, పూలు వేయవు. యూరప్, హిమాలయాల నేల ఆర్కిడ్లు డాక్టిలోరైజా, సిప్రిపీడియం అయితే ఇంకా కష్టం. గడ్డకట్టే చలిలో నిద్రపోయే అలవాటున్న మొక్కలవి. ఎవరైనా వాటి దుంపలు మీ ఊళ్లోనూ పెరుగుతాయని అమ్మితే డబ్బులు మిగుల్చుకోండి.

అడవి మొక్కల మాట కూడా చెప్పాలి. వానాకాలంలో నల్లమల వైపో అరకు వైపో ట్రెక్కింగ్‌కి వెళ్లి తెల్లపూల హబెనేరియా కనిపిస్తే దుంపతో పీకి తెచ్చుకునేవాళ్లున్నారు. పూతలో ఉన్న మొక్కని పీకితే కొత్త దుంప ఇంకా నిండి ఉండదు, ఇంట్లో బతికే అవకాశం దాదాపు లేదు. రిజర్వు అడవిలోంచి మొక్క తీయడం నేరం కూడా. అంతర్జాతీయ వ్యాపారానికి సంబంధించిన సైటీస్ ఒప్పందంలో ఆర్కిడ్ కుటుంబం మొత్తం ఉంది. స్లిప్పర్ ఆర్కిడ్ల పాఫియోపెడిలం జాతులు దానిలో అన్నిటికన్నా కఠినమైన మొదటి జాబితాలో ఉన్నాయి, మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వాటిని కాపాడుతుంది. పాతబస్తీ యునానీ మందుల దుకాణాల్లో సాలబ్ మిశ్రీ పేరుతో అమ్మే ఎండిన గడ్డలు కూడా నేల ఆర్కిడ్ల దుంపలే. ఎక్కువగా హిమాలయాల డాక్టిలోరైజా, కొన్ని యూలోఫియా. ఒక దుంప తీస్తే ఒక మొక్క పోయినట్టే, కిలో కావాలంటే వెయ్యికి పైగా తవ్వాల్సి వస్తుంది. ఆ మొక్కలు కొండల మీద అరుదైపోవడానికి ఈ గిరాకీ ఒక పెద్ద కారణం.

కాబట్టి నర్సరీ మొక్కే కొనండి. మన మేళాల్లోకి ఎక్కువ సరుకు కడియం నర్సరీల నుంచి వస్తుంది. స్పాథోగ్లాటిస్‌ని పూలు చూసి కాకుండా పిలకలు చూసి ఎంచుకోండి. మూడు పిలకలకి తక్కువున్న మొక్క ఏడాదిపాటు కుదురుకోవడానికే చూస్తుంది. తెచ్చిన రోజే మట్టి మార్చేయకండి, రెండు వారాలు నీడలో ఉంచి అలవాటు పడనివ్వండి. నిద్రపోయే రకాల్ని కొరియర్‌లో తెప్పించుకునేవాళ్లు డిసెంబరు నుంచి మార్చి లోపు తెప్పించుకోండి, ఆ నెలల్లో దుంపకి ప్రయాణం తెలియదు. వానాకాలంలో మొలకతో సహా పంపిస్తామంటే ఒప్పుకోవద్దు. పెట్టె విప్పగానే దుంపని వేళ్ల మధ్య మెల్లగా నొక్కండి. గట్టిగా ఉంటే పొడి ఇసుకలో పెట్టి చీకట్లో ఉంచండి. మెత్తగా, జిగురుగా ఉంటే అప్పుడే ఫోటో తీసి పంపి డబ్బులు వెనక్కి అడగండి. నాటి చూద్దాం, బతుకుతుందేమో అని మాత్రం ఆగకండి, కుళ్లిన దుంప తేరుకోదు.